నిన్న లేని గూఢచారి

1962 నుంచి 2021 దాకా ఒకే సంస్థ తీసిన 25 సినిమాలు. ఆరుగురు నటులు, పేరు ఒక్కటే. జేమ్స్ బాండ్ చుట్టూ లోకం ఎన్నిసార్లు మారిందో, చివరికి బాండే మారక తప్పని రోజు ఎలా వచ్చిందో చెప్పే కథ ఇది.

జమైకాలో ఓ ఇల్లు. రాత్రిపూట. పరుపు మీద దిండ్లు పేర్చి, దుప్పటి కప్పి, మనిషి పడుకున్నట్టు తయారుచేశాడతను. తలుపు చాటున కుర్చీలో కూర్చుని, పేకముక్కలు పరుచుకుని ఒక్కడే ఆడుకుంటున్నాడు. కాసేపటికి తలుపు కొద్దిగా తెరుచుకుంది. సందులోంచి ఓ చెయ్యి వచ్చి మంచం మీదికి వరసగా తూటాలు దించేసింది. లైటు వెలిగింది, వచ్చినవాడు దొరికిపోయాడు. ప్రశ్నలు, జవాబులు. ఆ మాటల మధ్యలోనే వాడు కింద పడేసిన పిస్తోలును మెల్లగా దగ్గరికి లాక్కుని, గురిపెట్టి నొక్కాడు. పేలలేదు. తూటాలు అయిపోయిన సంగతి కుర్చీలో ఉన్నవాడికి ముందే తెలుసు, లెక్కపెట్టుకునే కూర్చున్నాడు. కంగారేమీ లేకుండా కాల్చాడు. పడిపోయాక వీపులోకి ఇంకోటి కాల్చాడు. 'డాక్టర్ నో' (1962)లో షాన్ కానరీ పోషించిన బాండ్ తీరు ఇది.

ఇంకో సినిమా. 'క్యాసినో రాయల్' (2006), మొదటి నిమిషాలు. ప్రాగ్ నగరంలో ఓ ఆఫీసు గది, తెర మొత్తం నలుపు తెలుపు. అమ్ముడుపోయిన అధికారి ఒకడు సొరుగులోంచి పిస్తోలు తీసి నొక్కుతాడు. పేలదు. అందులో ఉండాల్సిన తూటాలు ఎదురుగా కూర్చున్న డేనియల్ క్రెయిగ్ చేతిలో ఉన్నాయి. ఇదీ ఖాళీ పిస్తోలే, ఎదురుగా ఉన్నదీ ముందే లెక్క చూసుకున్న మనిషే. కానీ ఈసారి ఆ సంభాషణ మధ్యలోకి వేరే దృశ్యం వచ్చి పడుతూ ఉంటుంది. ఓ మరుగుదొడ్డి. ఇద్దరు కలబడి కొట్టుకుంటున్నారు. సింకులో నీళ్లు నిండుతున్నాయి, ఒకడి తలను రెండోవాడు అందులో ముంచి పట్టాడు. కాళ్లు కొట్టుకోవడం ఆగాక ఆ రెండోవాడు ఆయాసంతో అలాగే నిలబడిపోయాడు. అది బాండ్ చేసిన మొదటి హత్య.

ఈ రెండు ఘట్టాల మధ్య 44 ఏళ్లున్నాయి. 1962 బాండ్ చంపితే చంపాడంతే. అతను అంతకుముందు ఎవర్ని చంపాడో, ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో మనకు చెప్పరు, మనమూ అడగం. 2006 బాండ్‌కు మొదటిసారి అనేది ఒకటుంది. అంటే అతనికో నిన్న ఉంది. నిన్న ఉన్నవాడికి రేపు కూడా ఉంటుంది, వయసు వస్తుంది, చావు వస్తుంది. 60 ఏళ్ల బాండ్ ప్రయాణంలో కార్లు మారాయి, శత్రువులు మారారు, పై అధికారి కుర్చీలోకి మహిళ వచ్చింది. అవన్నీ పెద్ద మార్పులే. కానీ అసలు మార్పు ఈ నిన్న దగ్గరే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

చెయ్యి జారుతున్న సామ్రాజ్యం

బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ గూఢచార విభాగంలో పనిచేసినవాడు. యుద్ధం అయ్యాక జమైకాలో 'గోల్డెన్‌ఐ' అనే ఇల్లు కట్టుకుని, ఏటా చలికాలంలో అక్కడికెళ్లి రాసుకునేవాడు. మొదటి నవల 'క్యాసినో రాయల్' 1953లో వచ్చింది. హీరో పేరు కోసం ఆయన ఎక్కువ వెతకలేదు. వెస్టిండీస్ పక్షుల మీద తన దగ్గరున్న పుస్తకం రచయిత పేరు జేమ్స్ బాండ్. అదే తీసుకున్నాడు.

ఆ నవలలు చదివిన బ్రిటన్ ఎలాంటిదో గుర్తుచేసుకోవాలి. 1947లో మనం వెళ్లిపొమ్మన్నాం. 1956లో సూయజ్ కాలువ దగ్గర పరువు పోయింది. ఒక్కో వలస దేశమూ చెయ్యి జారిపోతోంది. అలాంటప్పుడు, లోకాన్ని కాపాడాలంటే ఇంకా లండన్ నుంచి ఒక మనిషి రావాల్సిందే అని చెప్పే కథ వాళ్లకు ఎంత ఊరటనిచ్చి ఉంటుంది! 'డాక్టర్ నో' షూటింగ్ 1962 మొదట్లో జమైకాలో జరిగింది. అప్పటికి అది బ్రిటిష్ వలస. ఆగస్టు 6న జమైకా స్వతంత్ర దేశమైంది. అక్టోబరు 5న సినిమా లండన్‌లో విడుదలైంది. తెర మీద బ్రిటిష్ గూఢచారి తన సొంత పెరట్లో తిరిగినట్టు తిరుగుతున్న ఆ దీవి, అప్పటికి రెండు నెలలుగా బ్రిటన్‌ది కాదు.

నిర్మాతలు ఆల్బర్ట్ బ్రొకోలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్‌ల చేతిలో ఉన్నది దాదాపు 10 లక్షల డాలర్లు. కానరీ అప్పటికి పెద్ద పేరున్న నటుడేం కాదు. ఎడిన్‌బరోలో పాలు పోసే పని చేసిన కుర్రాడు. దర్శకుడు టెరెన్స్ యంగ్ అతనికి సూటు తొడిగి, నడక నేర్పి బాండ్‌ని చేశాడు. కళాదర్శకుడు కెన్ ఆడమ్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. నాజీల నుంచి తప్పించుకుని కుటుంబంతో బ్రిటన్ చేరి, యుద్ధంలో బ్రిటిష్ విమాన పైలట్‌గా పనిచేశాడు. దుష్టుడి గదులు అంత ఖాళీగా, అంత ఎత్తుగా, మనిషి చీమలా కనపడేలా ఉండటం ఆయన ఊహే. ఐదేళ్ల తర్వాత 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' (1967) కోసం పైన్‌వుడ్ స్టూడియోలో అగ్నిపర్వతం లోపలి భాగం కట్టించాడు. ఆ ఒక్క సెట్టుకైన ఖర్చు సుమారు 10 లక్షల డాలర్లు, అంటే మొదటి సినిమా మొత్తానికి పెట్టినంత.

నిర్మాతలు మొదట్లోనే చేసిన ఓ తెలివైన పని తర్వాతి దశాబ్దాలన్నిటినీ కాపాడింది. నవలలో డాక్టర్ నో రష్యా కోసం పనిచేస్తాడు. సినిమాలో అతను 'స్పెక్టర్' అనే ప్రైవేటు నేరస్తుల ముఠా మనిషి. 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' (1963)లో కూడా బ్రిటన్‌కూ రష్యాకూ తగవు పెట్టి లాభపడేది ఆ ముఠానే. 'డాక్టర్ నో' విడుదలైన నెలలోనే క్యూబా క్షిపణుల గొడవతో ప్రపంచం అణుయుద్ధం అంచుదాకా వెళ్లొచ్చింది. అలాంటి రోజుల్లో తీసిన గూఢచారి సినిమా ఒక దేశాన్ని శత్రువుగా నిలబెట్టకుండా తప్పుకోవడం చిన్న విషయం కాదు. శత్రువు ఏ జెండాకూ చెందకపోతే, జెండాలు మారినా సినిమా పాతబడదు.

దాచిపెట్టిన సమాధి

1969లో ఈ పరంపరకు ఒక అవకాశం వచ్చింది, జారవిడుచుకుంది. కానరీ తప్పుకోవడంతో జార్జ్ లాజెన్‌బీ అనే ఆస్ట్రేలియా మోడల్‌ని తెచ్చి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' తీశారు. అంతకుముందు సినిమాలకు ఎడిటింగ్ చేసిన పీటర్ హంట్ దర్శకుడు. అందులో బాండ్ ప్రేమిస్తాడు, పెళ్లి చేసుకుంటాడు. పెళ్లి కారు రోడ్డు పక్కన ఆగినప్పుడు శత్రువులు కాల్చి భార్య ట్రేసీని చంపేస్తారు. ఆమె తల ఒళ్లో పెట్టుకుని అతను ఇంకా బతికే ఉన్నట్టు మాట్లాడుతుంటాడు. అక్కడితో సినిమా అయిపోతుంది. బాండ్ సినిమాల్లో అంతకు ముందుగానీ, ఆ తర్వాత 37 ఏళ్ల పాటుగానీ అంత నిజమైన దుఃఖం నాకు కనపడలేదు.

తర్వాత ఏం జరిగింది? 1971లో కానరీని భారీ పారితోషికంతో వెనక్కి తెచ్చుకున్నారు. ఆ డబ్బుతో ఆయన స్కాట్లాండ్ పిల్లల చదువులకు ట్రస్టు పెట్టాడు. 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' మొదట్లో బాండ్ శత్రువు బ్లోఫెల్డ్ కోసం కోపంగా వెతుకుతాడు, కానీ ట్రేసీ పేరు మాత్రం మచ్చుకైనా వినపడదు. రెండేళ్ల కింద భార్యను పోగొట్టుకున్న మనిషి జోకులేసుకుంటూ లాస్‌వేగాస్‌లో తిరుగుతాడు. 1973లో వచ్చిన రోజర్ మూర్ కానరీ కంటే మూడేళ్లు పెద్ద! పాతవాడు పోయి, అతని కంటే పెద్దవాడు కొత్తగా వచ్చినా ఎవరికీ తేడా అనిపించలేదంటే, బాండ్‌కు కాలం వర్తించదని ప్రేక్షకులు ఎంతగా ఒప్పుకున్నారో చూడండి.

అయినా ఆ సమాధి అప్పుడప్పుడూ బయటపడేది. 'ద స్పై హూ లవ్డ్ మీ' (1977)లో రష్యన్ గూఢచారిణి అతని భార్య ప్రస్తావన తెస్తే బాండ్ మాట తుంచేస్తాడు. 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' (1981) మొదలయ్యేదే ఆమె సమాధి మీద పూలు పెట్టడంతో. 'లైసెన్స్ టు కిల్' (1989)లో ఓ పెళ్లింట్లో సరదా మాటకు బాండ్ మొహం మాడిపోతే, ఎప్పుడో ఒకసారి పెళ్లయిందతనికి అని స్నేహితుడు సర్దిచెబుతాడు. ముగ్గురు నటులు, ఒకే చావు. ఆ జ్ఞాపకాన్ని పూర్తిగా వదల్లేదు, అలాగని కథలోకీ రానివ్వలేదు.

గాలి ఎటు వీస్తే అటు

1970ల బాండ్ సినిమాలు పక్కవాళ్ల విజయాల వెంట పరిగెత్తాయి. అమెరికాలో నల్లజాతి హీరోల యాక్షన్ సినిమాలు ఆడుతుంటే 'లివ్ అండ్ లెట్ డై' (1973) హార్లెమ్ వెళ్లింది. బ్రూస్ లీ తర్వాత లోకమంతా కుంగ్‌ఫూ మోజులో ఉంటే 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్' (1974) ఆసియాకు వెళ్లి కుంగ్‌ఫూ బడి చూపించింది. చమురు సంక్షోభం నడుస్తున్న రోజులు కాబట్టి అందులో గొడవంతా సౌరశక్తి యంత్రం చుట్టూ తిరుగుతుంది. 1977 సినిమా చివర్లో తర్వాతి చిత్రం 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' అని ప్రకటించారు. అదే ఏడాది 'స్టార్ వార్స్' వచ్చింది. ప్రకటన పక్కన పెట్టి 'మూన్‌రేకర్' (1979) తీశారు, బాండ్‌ని అంతరిక్షంలోకి పంపారు.

ఇలా వెంటపడటాన్ని చులకన చేయడం తేలిక. కానీ ఆ కాలంలోనే ఈ పరంపర గర్వంగా చెప్పుకోదగ్గ క్షణం ఒకటుంది. 1977 సినిమా మొదట్లో బాండ్ మంచు కొండల మీద స్కీయింగ్ చేస్తూ పారిపోతుంటాడు. వెనక తుపాకులు, వెనకాలే హుషారైన సంగీతం. ఎదురుగా కొండ అంచు. ఆగడు, దూకేస్తాడు. అంతే, సంగీతం ఆగిపోతుంది. ఒక చిన్న మనిషి బొమ్మ లోయలోకి పడిపోతూ ఉంటుంది. స్కీ బద్దలు ఒకటొకటిగా ఊడిపోతాయి. నేపథ్యంలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దాన్ని దర్శకుడు లూయిస్ గిల్బర్ట్ ఎంతసేపు సాగదీశాడంటే, ఏదో పొరపాటు జరిగిందేమో అని భయం వేస్తుంది. అప్పుడు పారాచూట్ విచ్చుకుంటుంది. దాని మీద బ్రిటన్ జెండా. ఆ దూకింది నిజం మనిషి, రిక్ సిల్వెస్టర్. కెనడాలోని బాఫిన్ దీవిలో ఆస్గార్డ్ కొండ అంచు మీంచి నిజంగానే దూకాడు.

పాతికేళ్ల తర్వాత 'డై అనదర్ డే' (2002)లో పియర్స్ బ్రాస్నన్ ఓ పెద్ద మంచు కెరటం మీద సర్ఫింగ్ చేస్తాడు. అది కంప్యూటర్‌లో గీసిన కెరటం, కంప్యూటర్‌లో అతికించిన మనిషి. అదే సినిమాలో కంటికి కనపడని కారు కూడా ఉంది. ఆస్గార్డ్ దగ్గర పీల్చిన ఊపిరి బిగబట్టి చూసిన ప్రేక్షకుడు ఇక్కడ సీట్లో వెనక్కి వాలిపోయాడు. ప్రమాదం లేనిచోట ధైర్యం కూడా ఉండదు. ఆ సినిమాకు వసూళ్లు బాగానే వచ్చాయి, అయినా నిర్మాతలు ఆ దారి వదిలేశారు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

రష్యాతో సంబంధాలు తెర మీద మారిన తీరు చూస్తే ప్రచ్ఛన్నయుద్ధ చరిత్రే కళ్లకు కడుతుంది. 1977లో బ్రిటిష్ గూఢచారీ, రష్యన్ గూఢచారిణీ చెయ్యీ చెయ్యీ కలుపుతారు. 1981లో రెండు దేశాలూ కోరుకున్న యంత్రాన్ని బాండ్ కొండ మీంచి విసిరేస్తాడు. నీకూ లేదు, నాకూ లేదు అన్నట్టు. రష్యన్ జనరల్ నవ్వి హెలికాప్టర్ ఎక్కి వెళ్లిపోతాడు. 1985లో అదే జనరల్ బాండ్‌కు లెనిన్ పతకం ఇవ్వడానికి లండన్ వస్తాడు. ఇక 'ద లివింగ్ డేలైట్స్' (1987)లో తిమోతీ డాల్టన్ అఫ్గానిస్తాన్‌లో ముజాహిదీన్‌తో కలిసి సోవియట్ సైనిక స్థావరం మీద దాడి చేస్తాడు. అప్పట్లో అది సాహసం. 2001 తర్వాత ఆ దృశ్యాలను అదే ఉత్సాహంతో చూడటం ఎవరివల్లా కాదు.

ఉదయపూర్‌లో బాండ్

'ఆక్టోపస్సీ' (1983) దగ్గర మనం కాస్త ఆగాలి. పిచోలా సరస్సు మధ్య లేక్ ప్యాలెస్, కొండ మీద మాన్‌సూన్ ప్యాలెస్, పాత వీధులు. ఉదయపూర్‌ని అంత అందంగా ప్రపంచానికి చూపించిన సినిమా అప్పటికి మరొకటి లేదు. టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ బాండ్ సహచరుడిగా నటించాడు. కబీర్ బేడీ తలపాగా చుట్టుకుని, ఎత్తుకు తగ్గ ఠీవితో విలన్ అనుచరుడిగా నిలబడ్డాడు. ఇద్దరూ తమ పాత్రలకు రాసిన దాని కంటే ఎక్కువే ఇచ్చారు.

రాసింది మాత్రం చాలా తక్కువ. ఆటో వెంటపడే దృశ్యంలో దారి పొడుగునా మేకుల పడక, కత్తులు మింగేవాడు, నిప్పుల గుండం. విజయ్ టెన్నిస్ రాకెట్‌తో శత్రువుల్ని కొడుతుంటాడు. జనం అడ్డుపడాలని బాండ్ నోట్ల కట్టలు గాల్లోకి విసిరితే, జనం ఎగబడి ఏరుకుంటారు. జూదంలో గెలిచిన డబ్బు సహచరుల చేతిలో పెడుతూ కొన్ని వారాల పాటు కూరకు సరిపోతుందిలే అన్నట్టు ఓ మాట అంటాడు. ఇది 1962 కాదు, 1983. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి 36 ఏళ్లు. సొంత ఉపగ్రహాన్ని సొంత రాకెట్‌తో పంపిన దేశం మనది. 'గాంధీ' (1982), 'హీట్ అండ్ డస్ట్' (1983), 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' (1984) వరసగా వచ్చిన ఆ రోజుల్లో, బ్రిటన్ సినిమా మన దేశం వైపు తిరిగి చూడటం మొదలుపెట్టింది. బాండ్ చూపు వాటన్నిటి కంటే పాతది. బొమ్మల పుస్తకంలో ఉండే ఇండియాయే అతనికి కావాల్సి వచ్చింది. ఆ సినిమాలో ఉదయపూర్ అందాన్ని ప్రేమిస్తూనే, ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. రెండూ నిజమే.

మన దగ్గరి నుంచి దానికి జవాబు చాలా ముందే వెళ్లింది. 1966 ఆగస్టులో 'గూఢచారి 116' విడుదలైంది. డూండీ నిర్మాత, మల్లికార్జునరావు దర్శకుడు, హీరో కృష్ణ, జయలలిత హీరోయిన్. 'తేనెమనసులు' (1965)తో అడుగుపెట్టిన కుర్రాడికి ఈ ఒక్క సినిమాతో 'ఆంధ్రా జేమ్స్ బాండ్' అనే పేరు వచ్చేసింది. దానికి ఛాయాగ్రహణం చేసిన రవికాంత్ నగాయిచ్ మరుసటి ఏడాది అదే కథను హిందీలో 'ఫర్జ్'గా తీస్తే జితేంద్ర తారయ్యాడు. అంటే లండన్ నుంచి బయల్దేరిన గాలి మద్రాసులో తెలుగు మాటలు నేర్చుకుని బొంబాయి వెళ్లింది. కృష్ణ ఆ తర్వాత 'జేమ్స్ బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981) అంటూ ఈ దారిని వదల్లేదు. ఇక్కడ గూఢచారి ఎవరి సామ్రాజ్యాన్నీ కాపాడడు, కొత్తగా పుట్టిన మన దేశాన్ని కాపాడతాడు. పిస్తోలు, కారు, పాట అన్నీ అరువు తెచ్చుకున్నా ఆ ఒక్కటీ మనదే.

కుర్చీలో కొత్త మనిషి

1989 తర్వాత ఆరేళ్లు బాండ్ సినిమా లేదు. స్టూడియో యాజమాన్యం చేతులు మారడం, కోర్టు వ్యవహారాలు అసలు కారణం. కానీ ఆ ఆరేళ్లలో బెర్లిన్ గోడ కూలింది, సోవియట్ యూనియన్ పోయింది. 1992లో బ్రిటన్ అంతర్గత భద్రతా సంస్థకు స్టెల్లా రిమింగ్టన్ అధిపతి అయింది, ఆ పదవిలో మొదటి మహిళ. ఎంఐ6 అనే సంస్థ ఒకటుందని బ్రిటిష్ ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నదీ ఆ ఏడాదే! బాండ్ సినిమాలు 30 ఏళ్లుగా చూపిస్తున్న ఆఫీసు అప్పటిదాకా ప్రభుత్వం లెక్కలో లేదన్నమాట.

'గోల్డెన్‌ఐ' (1995) ఈ మార్పులన్నిటినీ ఒక్క గదిలోకి తెచ్చింది. పై అధికారి 'ఎం' కుర్చీలో జూడీ డెంచ్ కూర్చుంది. బాండ్‌ని నిలబెట్టి, నువ్వు ఆడవాళ్లను లోకువగా చూసే మనిషివి, ప్రచ్ఛన్నయుద్ధం వదిలేసిపోయిన శిథిలానివి అని మొహం మీదే చెప్పేస్తుంది. విమర్శకులు ఏళ్ల తరబడి అంటున్న మాటలవి. ఆ మాటల్ని తమ సినిమాలో తామే పెట్టుకోవడానికి ధైర్యం కావాలి. అలా అంటూనే, వెళ్లి ప్రాణాలతో తిరిగి రమ్మంటుంది. డెంచ్ గొంతులో ఆ రెండూ ఒకే ఊపిరిలో పలికాయి. తర్వాతి 17 ఏళ్లు ఈ పరంపరను నిజంగా మోసింది ఆవిడే అంటాను.

అయినా బ్రాస్నన్ బాండ్‌కు కూడా నిన్న లేదు. శత్రువులు మాత్రం పేపర్లలోంచి వచ్చారు. 1997లో యుద్ధాన్ని సృష్టించి అమ్ముకునే పత్రికాధిపతి, 1999లో చమురు గొట్టాల కోసం హత్యలు చేసే వారసురాలు. ఆ వారసురాలిగా సోఫీ మార్సో ఈ పరంపరలో మరిచిపోలేని విలన్.

వయసొచ్చింది

2001 సెప్టెంబరు 11 తర్వాత కనపడని కారుకు చోటు లేదు. 2002లోనే వచ్చిన 'ద బోర్న్ ఐడెంటిటీ' గూఢచారికీ దెబ్బ తగిలితే నొప్పి పుడుతుందని గుర్తుచేసింది. సరిగ్గా అప్పటికి నిర్మాతల చేతికి ఓ పాత ఆస్తి వచ్చి ఉంది. ఫ్లెమింగ్ మొదటి నవల హక్కులు ఎప్పుడో వేరేవాళ్లకు వెళ్లిపోయాయి, ఆ కథ 1954లో అమెరికా టీవీలో నాటికగా, 1967లో పేరడీ సినిమాగా వచ్చింది. 1999లో స్టూడియోల మధ్య రాజీ కుదిరి ఆ హక్కులు తిరిగొచ్చాయి. మొదటి నవల చేతికొచ్చింది కాబట్టి బాండ్‌ని మొదటి నుంచి మొదలుపెట్టే వీలు చిక్కింది.

క్రెయిగ్ పేరు ప్రకటించినప్పుడు పత్రికలు ఎగతాళి చేశాయి. జుట్టు రంగు బాగాలేదన్నారు, ఎత్తు సరిపోదన్నారు, సినిమా చూడొద్దని కొందరు అభిమానులు ప్రచారం చేశారు. సినిమా వచ్చాక ఆ నోళ్లు మూతపడ్డాయి. ఇవా గ్రీన్ పోషించిన వెస్పర్, రక్తం చూసి షవర్ కింద బట్టలతో కూర్చుండిపోతే, బాండ్ వచ్చి మాట్లాడకుండా పక్కన కూర్చుంటాడు. అంతే దృశ్యం. పాత బాండ్ అయితే చమత్కారం ఒకటి విసిరి తర్వాతి గదిలోకి వెళ్లిపోయేవాడు.

వెస్పర్ చనిపోతుంది. 1969లో ట్రేసీ చావును మర్చిపోయినట్టు ఈసారి మర్చిపోలేదు. తర్వాతి సినిమా గంట తేడాతో అక్కణ్నుంచే మొదలవుతుంది. ఆ 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్' (2008) హాలీవుడ్ రచయితల సమ్మె రోజుల్లో తీసింది, అతుకులు కనపడతాయి. కానీ బొలీవియాలో నీళ్లను కబ్జా చేసే విలన్‌ని తెచ్చినందుకు దాన్ని నేను తీసిపారేయను. 'స్కైఫాల్' (2012)లో బాండ్ గడ్డం నెరిసింది, గురి తప్పుతోంది, పరీక్షల్లో ఫెయిలయ్యాడు. 50 ఏళ్లలో మొదటిసారి బాండ్ ముసలివాడవుతున్నాడు! శామ్ మెండిస్ దర్శకత్వం, రోజర్ డీకిన్స్ ఛాయాగ్రహణం, డెంచ్ 'ఎం' మరణం. 110 కోట్ల డాలర్లు దాటిన వసూళ్లు.

'స్పెక్టర్' (2015) ఇదే మందును మోతాదు మించి వాడింది. ఫ్లెమింగ్ నవల 'థండర్‌బాల్' కథ ఎవరిదన్న తగాదాలో నిర్మాత కెవిన్ మెక్‌క్లోరీతో దశాబ్దాల పాటు నడిచిన వివాదం 2013లో తెమిలి, స్పెక్టర్ ముఠా, బ్లోఫెల్డ్ తిరిగి దక్కాయి. ఆ సంబరంలో బ్లోఫెల్డ్‌ని బాండ్ చిన్నప్పటి పెంపుడు అన్నగా మార్చేశారు. అన్ని సినిమాల్లో జరిగిన అన్ని కష్టాలకూ అతనే మూలమన్నారు. నిన్న ఉండటం వేరు, ప్రతిదానికీ నిన్నే కారణం కావడం వేరు. లోకం ఒక్కసారిగా ఇరుకైపోయింది. మన దగ్గరైతే సెన్సారు బోర్డు ముద్దు దృశ్యాలను సగానికి కోసింది, జనం 'సంస్కారీ బాండ్' అని నవ్వుకున్నారు. ఆ సినిమా ప్రారంభంలో మెక్సికో సిటీ వీధుల్లో మృతుల పండగ ఊరేగింపు అద్భుతంగా ఉంటుంది. నిజానికి అలాంటి భారీ ఊరేగింపు ఆ నగరంలో లేదు, సినిమా కోసం కల్పించింది. మరుసటి ఏడాది నుంచి నగరం దాన్ని నిజంగానే జరపడం మొదలుపెట్టింది.

'నో టైమ్ టు డై' కరోనా వల్ల ఏడాదిన్నర ఆగి 2021లో వచ్చింది. తాకితే అంటుకుని, ఎంచుకున్న మనుషుల్ని మాత్రమే చంపే ఆయుధం కథ అది. మాస్కులు పెట్టుకుని చూశాం. అందులో 007 నంబరు ఓ నల్లజాతి యువతికి ఇచ్చేశారు, బాండ్‌కు కూతురుంది. చివర్లో ఆ కూతుర్నీ, తల్లినీ తాకలేని పరిస్థితి వచ్చినప్పుడు అతను దీవి మీదే నిలబడి క్షిపణులకు ఎదురుచూస్తాడు. బాండ్ చనిపోతాడు. ముగింపులో వినపడేది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట, 1969 సినిమాలోది, ట్రేసీ పాట. 52 ఏళ్ల పాటు దాచిపెట్టిన దుఃఖానికి ఇన్నాళ్లకు చోటు దొరికింది. బాండ్‌ని చంపకూడదని కోపగించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 2006లో అతనికి మొదటి హత్య చూపించినప్పుడే ఈ చివరి రోజు ఖాయమైంది. పుట్టించాక పెరగనివ్వకుండా ఆపడం కుదరదు.

మన తెలుగు గూఢచారి కూడా ఇదే దారిలో నడిచాడు. 1966లో కృష్ణకు నంబరు చాలు, గతం అక్కర్లేదు. 2018లో అడివి శేష్ 'గూఢచారి'లో ఆ పాత నంబరుకు దండం పెట్టుకున్నారు గానీ, కథకు ఇరుసు మాత్రం తండ్రి గతమే. శశికిరణ్ తిక్క తీసిన ఆ సినిమాలో హీరో గూఢచారి ఎందుకవ్వాలనుకున్నాడో తెలియకపోతే కథే లేదు. ఎవరూ ఎవర్నీ అడిగి చేసింది కాదిది. ప్రేక్షకుడు రెండుచోట్లా అదే అడిగాడు.

ఇప్పుడు ఇంటి పెద్దలే మారిపోయారు. 2022లో అమెజాన్ ఎంజీఎం స్టూడియోను 845 కోట్ల డాలర్లకు కొన్నది. 2025 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ కూతురు బార్బరా బ్రొకోలీ, ఆమె అన్న మైకేల్ విల్సన్ కథల మీద అధికారాన్ని ఆ సంస్థకు అప్పగించారు. ఒకే కుటుంబం 60 ఏళ్లకు పైగా కాపాడిన వస్తువు అది. తర్వాతి సినిమాకు దర్శకుడిగా డెనీ విల్నోవ్ పేరు ప్రకటించారు. చనిపోయిన మనిషిని ఎలా మొదలుపెడతారు? కానరీలా ఏ వివరమూ చెప్పకుండా కుర్చీలో కూర్చోబెడతారా, క్రెయిగ్‌లా మళ్లీ మొదటి హత్య నుంచా? నా ఓటు మొదటిదానికే. గతం చెప్పడం ఇప్పుడు ప్రతి హీరో సినిమాలోనూ అలవాటైపోయింది. ఏమీ చెప్పకుండా ఒక మనిషిని నమ్మించడమే ఇవాళ కష్టమైన పని.

ఇంకో దారి కూడా తెరుచుకుంది, అది మనకు దగ్గరిది. ఫ్లెమింగ్ 1964 ఆగస్టులో పోయాడు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్ల పాటు హక్కులుంటాయి. అంటే ఆయన బతికుండగా అచ్చయిన బాండ్ నవలలు 2025 జనవరి 1 నుంచి మన దేశంలో అందరి సొత్తు. బ్రిటన్‌లో అది 2035 దాకా కుదరదు. సినిమాల్లోని సంగీతం, తుపాకీ గొట్టంలోంచి నడిచొచ్చే బొమ్మ, 007 ముద్ర ఇప్పటికీ కంపెనీలవే, వాటి జోలికి వెళ్లకూడదు. కానీ 1953 నాటి 'క్యాసినో రాయల్'ను తెలుగులోకి తేవాలనుకునే అనువాదకుడు ఇక ఎవరి అనుమతి కోసమూ ఉత్తరం రాయక్కర్లేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని తరాల తరబడి చదివిన పాఠకులున్న భాష మనది. ఆ అనువాదం ఎవరైనా మొదలుపెట్టాలని కోరుకుంటున్నాను.